కారుకి దిష్టి చుక్క

కొన్న పూటే కారు రైలు పట్టాల మీద ఆగిపోయింది.

గవర్రాజు నమ్మలేకపోయాడు. కార్లూ రైళ్లూ తమలో తాము మాట్లాడుకుని దారిచ్చుకోవడం మొదలయ్యాక దేశంలో రైల్వే గేట్లన్నీ తీసేశారు.

“నా ముందు కెమెరాకి ఏదో అడ్డుపడింది. దారి కనబడందే కదలను,” అంది కారు.

“తలుపైనా తియ్యవే!”

“పట్టాల మీద తలుపులు తియ్యకూడదు. రైలుకి చెప్పాను. ఆగడానికి దూరం చాలదంది.”

గవర్రాజు వెనక సీట్లో ఉన్న తల్లి అచ్చియ్యమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, కారుకి దిష్టి చుక్క ఎక్కడెట్టావే?”

“కెమెరాకి పైనే ఎట్టాన్రా, చిన్నప్పుడు నీ నుదుటి మీద ఎట్టినట్టు.”

ఆముదం కలిపిన ఆ కాటుక ఎండకి కరిగి కెమెరా మీదికి జారింది.

రైలు కూత వినబడింది. ఎంత బతిమాలినా కారు అద్దం మాత్రమే దించింది. అందులో గవర్రాజు భుజాలు పట్టలేదు. బక్కపలచటి అచ్చియ్యమ్మ దూరి, కిందపడి, లేచి, కొంగుతో కెమెరా తుడిచింది.

“ఎదురుగా మనిషి ఉన్నారు. కదలను.”

“అమ్మా, తప్పుకోవే!”

ఆవిడ పట్టాలు దాటి పక్కకి దూకింది. కారు ముందుకి ఉరికింది. మరుక్షణం దాని వెనకనించి రైలు దూసుకుపోయింది.

గవర్రాజు కారు దిగాడు. అచ్చియ్యమ్మ కాటుక భరిణె తీసింది.

“కొన్న రోజే ఎంత దిష్టి తగిలిందో చూశావా? ఒక్క చుక్క చాల్లేదురా.”

ఆవిడ వేలు దగ్గరికి రాగానే కారు చప్పుడు చేయకుండా వెనక్కి జరిగింది.