ఒక్కటే తోలు

"తోలు తీసుకుపోతే పిల్ల చస్తుంది," అంది ఇజ్జా.

"తీసుకుపోకపోతే నేను చస్తా," అన్నాడు తుమర్. "నేను పోకపోతే నిప్పు చస్తుంది. అప్పుడు అందరం ఒక్కసారే పోతాం. ఏది నయమో నువ్వే చెప్పు."

"నన్నడుగుతావేం? కన్నకూతురికన్నా నీ వీపే నీకు ఎక్కువైంది. పో, కప్పుకుని పో! వెచ్చగా పోయి వెచ్చగా రా."

తుమర్ వంగి గుహ లోపలి బొరియలోకి వెళ్లాడు. ఒళ్లు కాలిపోతున్న మనవరాలు సిలూని ఒళ్లో పెట్టుకుని అతని తల్లి దెహ్యా అక్కడే కూర్చుని ఉంది. తల్లీకొడుకులు ఏదో గుసగుసలాడుకున్నారు. తరువాత ఇజ్జా వెనకనుంచి అడుగుల చప్పుడు గుహ ముఖం వైపు సాగి, గాలి హోరులో కలిసిపోయింది.

ఇజ్జా తల తిప్పలేదు. కట్టెలకు వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా నిప్పు కాసే ఆడది నిప్పు మీదనుంచి చూపు మరల్చకూడదు. మరల్చితే వెళ్లినవాడు దారి తప్పుతాడు. వాళ్ల గుంపులో పుట్టిన ప్రతి ఆడపిల్లా నడకతోపాటు నేర్చుకునే మాట అది. అయినా ఓరకంట చూస్తే కాదనేవారెవరు? చూడనివ్వనిది కోపం.

గుంపంతా మంచు పడకముందే కొండ దిగి సముద్రం ఒడ్డుకు పోయింది. సిలూకి జ్వరం రావడంతో వీళ్లు ఆగిపోయారు. రాళ్లు కొట్టి నిప్పు పుట్టించగల చెయ్యి కూడా గుంపుతోనే పోయింది. పోతూ పోతూ వీళ్లకొక ఎలుగుబంటి తోలు వదిలి వెళ్లారు. మనిషిని తల నుంచి పిక్కల దాకా కప్పే తోలు అదొక్కటే. నడుములకు చుట్టుకున్న నక్కతోలు ముక్కలు సిగ్గుకు సరిపోతాయేమో గాని ఈ చలికి చాలవు. తోలు పోతే ఇక పిల్ల మీద మిగిలేది ఎండుగడ్డే.

గుహ ముఖం దగ్గర మంచు మోకాలెత్తు పేరుకుంది. వెలుతురు బూడిదరంగుకు తిరిగింది. పక్కనున్న కట్టెల కుప్ప తరిగిపోతూంది. ఇజ్జాకు కాలుగాలిన పిల్లిలా తిరగడానికైనా వీల్లేదు.

"అత్తా! పిల్లెలా ఉంది?"

"పడుకుంది."

"వణుకుతోందా?"

"లేదు," అంది దెహ్యా.

చలికి పోయేవాళ్లు ఆఖర్న వణకడం మానేస్తారు. ఇజ్జా తమ్ముడు అలాగే పోయాడు. వణుకు తగ్గింది, గండం గడిచిందని అందరూ సంబరపడుతుండగానే పోయాడు.

"అత్తా, బాగా చూడు. ఊపిరి ఆడుతోందా?"

"ఆడుతోందే. గాలేమైనా తగ్గిందా? అడుగులు వినిపిస్తున్నాయా?"

"లేదు."

లోపలినుంచి ఏడుపు వినిపించింది. నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని ఏడ్చే ఏడుపు.

"ఎందుకేడుస్తున్నావు?"

"పొగే."

"పొగ నా మొహాన ఉంటే నీ కళ్లకేం మంట?"

కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న. "అడుగులేమైనా..."

ఇజ్జాకు ఒళ్లు మండింది. "నీ కొడుక్కేం కాదు అత్తా! ఎలుగు తోలు కప్పుకున్నవాడికి చలేమిటి? ఆ తోలుతో మంచులో పడుకుని నిద్రపోయినా పొద్దున్నే ఆవలిస్తూ లేచొస్తాడు. ముందు నా కూతురి సంగతి చెప్పు."

"అలా అనకే తల్లీ," అంది దెహ్యా. ఆ గొంతు ముసలిదాని గొంతులా లేదు, దెబ్బ తిన్న పసిపిల్ల గొంతులా ఉంది.

"పిల్లని ఇటు నిప్పు దగ్గరికి తీసుకురా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"కదిలించొద్దే. వాడొచ్చేదాకా ఆగు. నువ్వు మాత్రం ఇటు రాకు."

ఇక అడగడానికేం మిగలలేదు. పిల్ల పోయింది. పోయిన పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుందీ ముసల్ది. కొడుకు వచ్చి చెబితే తప్ప కోడలికి చెప్పే ధైర్యం లేక దాస్తోంది. ఇజ్జా మిగిలిన కట్టెలన్నీ ఒక్కసారే నిప్పులో పడేసి లేచి నిలబడింది.

"నిప్పు వదలకే! వాడు దారి తప్పుతాడు!" అరిచింది దెహ్యా.

"తప్పితే తప్పనీ! పిల్ల ఒంటిమీది తోలు లాక్కుపోయినవాడు ఎటు పోతే నాకేం?"

చీకటి బొరియలోకి చేతులమీద పాకింది. దెహ్యా ఆమె మణికట్టు పట్టుకుని ఆపబోయింది. ఇజ్జా విదిలించుకుని తడుముకుంది. పిల్ల నుదురు చేతికి తగిలింది. తడిగా ఉంది. చెమట! గోరువెచ్చటి చెమట. జ్వరం దిగింది.

"అమ్మా," అంది సిలు నిద్రమత్తులో, "ఉక్కగా ఉందే."

ఇజ్జాకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. పిల్ల మొహమంతా ముద్దులు పెట్టుకుంది. "బతికిందత్తా! నా బంగారుతల్లి బతికింది! నువ్వు ఊరికే నా ప్రాణాలు తోడేశావు. రానీ నీ కొడుకుని, వాణ్ణి తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటా."

దెహ్యా నవ్వలేదు. చీకట్లో ఆమె భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అమ్మా, ఉక్క," అంది సిలు మళ్లీ.

"ఉండమ్మా, తీసేస్తా," అంటూ ఇజ్జా పిల్ల మీది ఎండుగడ్డిని పక్కకు తోసింది.

కింద ఎలుగుబంటి బొచ్చు చేతికి తగిలింది.