ఇంతకంటే బరువైనది

"ఇంతకంటే బరువైనది లేదా, బాబూ?" అని గుసగుసగా అడిగింది అత్తగారు.

షాపతను కంగుతిన్నాడు. లాప్‌టాప్ తేలిగ్గా ఉండాలని ప్రాణం తీసే జనాన్నే ఇంతవరకూ చూశాడతను.

"ఇదే అన్నిటికంటే బరువండీ. పదిహేడంగుళాల తెర. ఛార్జరే ఇటుకంత ఉంటుంది."

"ఇటుకంతేనా?" ఆవిడ నిరాశ పడింది. "పోనీ, ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుంది?"

"పెద్ద సాఫ్ట్‌వేర్లు నడిపితే రెండు గంటలు కూడా రాదండీ. అదొక్కటే లోపం."

"లోపమేంటయ్యా, బంగారం లాంటి గుణం! ఇదే బాగుందని గట్టిగా చెప్పు. అదిగో, వచ్చేస్తోంది."

కోడలు ఫోన్ మాట్లాడడం ముగించి, గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. వంతెనలకు డిజైన్లు గీయడం ఆమె వృత్తి. ఇన్నాళ్లూ ముందుగదిలో, బల్లకింద చిన్న బీరువాలా కూర్చున్న కంప్యూటర్ మీద పని చేసింది. ఇప్పుడు ఎక్కడో కొండల మధ్య నది మీద కడుతున్న వంతెన పని ఒప్పుకుంది. అది పూర్తయ్యేదాకా సైటు పక్కనే ఉండాలి. బల్లకింది కంప్యూటర్ చేసే పనంతా చేస్తూ, సంచిలో పట్టే యంత్రం కావాలి. దాన్ని మొబైల్ వర్క్‌స్టేషన్ అంటారని కరపత్రాలన్నీ చదివి అత్తగారే కనిపెట్టింది. చదివిన దగ్గర్నుంచి ఆవిడకు నిద్ర లేదు. యంత్రం కదలకపోతే కోడలు కదలదు. ఆవిడ ఆలోచన అంత సూటిగా ఉంది.

"ఏమంటున్నారు మా అత్తయ్య?"

"ఈ పెద్దదాన్ని మెచ్చుకుంటున్నారు, మేడమ్," అన్నాడు షాపతను నేల చూపులు చూస్తూ.

"రాయిలా ఉందమ్మాయ్. పది కాలాలపాటు ఇంట్లో పడుంటుంది," అంది అత్తగారు.

"పడుండేది నాకెందుకు అత్తయ్యా? నాతో తిరిగేది కావాలి."

"తిరిగేవాళ్లకేం తక్కువ? ఇంటిపట్టున ఉండేవాళ్లకే కరువు."

"సరే, ఒకసారి ఎత్తి చూడండి."

అత్తగారు వెనక్కి తగ్గలేదు. పెద్ద లాప్‌టాప్‌ను ఒంటిచేత్తో లేపింది. "ఇదేం బరువు? పువ్వులా ఉంది," అంది. ఆ పువ్వును కింద పెట్టడానికి మాత్రం రెండో చెయ్యీ, షాపతని చెయ్యీ కావలసి వచ్చాయి.

కోడలు నవ్వు ఆపుకుంటూ పక్కనున్న సన్నటి మోడల్ తెరిచింది. తన వంతెన బొమ్మను అందులోకి ఎక్కించింది. వేలు కదిపితే చాలు, తెరమీద వంతెన ఎక్కడా తడబడకుండా గిర్రున తిరిగింది.

"గ్రాఫిక్స్ కార్డు సరిపోతుంది. మెమరీ సంగతేంటి?"

"అరవైనాలుగు జీబీ దాకా వేయించి తెప్పిస్తాం, మేడమ్. కానీ ఎంత కావాలో ఇప్పుడే తేల్చుకోవాలి. ఈ మోడల్లో మెమరీని బోర్డుకే అతికించేస్తారు. పెళ్లిలాగే, తర్వాత మార్చుకోడానికి ఉండదు."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు. తన హాస్యానికి ఇంత గిరాకీ ఎన్నడూ ఎరగని షాపతను మురిసిపోయాడు.

ముందుగా తేరుకున్నది అత్తగారే. "అతికించేస్తారా? మళ్లీ విడదీయడానికి వీల్లేదా?"

"అస్సలు వీల్లేదండీ. లాగితే రెండూ పాడవుతాయి."

ఆవిడ సన్నటి యంత్రం వైపు మొదటిసారి కాస్త దయగా చూసింది. అంతలోనే తన పని గుర్తొచ్చింది. "దీని ఫ్యాను చప్పుడే రావట్లేదు. మనిషి ఉందో లేదో పక్కగదిలోకి ఎలా తెలుస్తుంది?"

"అత్తయ్యా," అంది కోడలు. "బరువైనది కొంటే నేను వెళ్లననుకున్నారా?"

అత్తగారు చేతిసంచి జిప్పు తీసింది, మళ్లీ వేసింది.

"ఎవరు వెళ్లినా ఫోన్ చేస్తామనే వెళ్తారు," అంది చివరికి. "చేస్తారు కూడా. మొదట్లో రోజూ చేస్తారు."

కోడలు షాపతని వైపు తిరిగింది. "తేలికదే ఇవ్వండి. ఒక భుజానికి ఇది, రెండో భుజానికి ఈవిడ మందుల సంచి. ఆపైన ఇటుకలు కూడా మోయాలంటే నా వల్ల కాదు."

"నా మందులు నువ్వెందుకు మొయ్యడం?"

"మీరొస్తే మందులు రావా? సైటు దగ్గర రెండు గదుల ఇల్లు చూశాను. ఇందాక ఫోన్ చేసింది ఆ ఇంటాయనే."

"ఆ ముక్క ముందే చెప్పి చావొచ్చుగా!"

"చెబితే ఆ క్షణం నుంచే సర్దడం మొదలెడతారు. జల్లెడ దగ్గర్నుంచి పాత పేపర్ల దాకా. మోసేది నేనేగా?"

"కొండలంటున్నావు, చలేస్తుందేమో. పాములు గట్రా ఉంటాయేమో. పక్కింటివాళ్లు ఎలాంటి మనుషులో..." అత్తగారు అప్పుడే గాభరా పడడం మొదలుపెట్టింది. మొహం మాత్రం వెలిగిపోతోంది. "బాబూ, ఆ సన్నదే ఇచ్చెయ్. మెమరీ మాత్రం గట్టిగా అతికించమని చెప్పు."

షాపతనికి ఆ కనబడని మొగుడి మీద జాలి వేసింది. అటు తల్లీ, ఇటు పెళ్లామూ ఒకే బండెక్కి పోతున్నారు పాపం.

"మరి సార్ ఒక్కరే ఉండగలరా, మేడమ్?"

"ఆయనకేమండీ, ఇల్లుంది, కారుంది," అంది కోడలు, అత్తగారి చేతిసంచి అందుకుంటూ.

విడాకులప్పుడు ఆ రెండూ అతను తీసుకుంటే, ఆమె అత్తగారిని తెచ్చుకుంది.