పామర్రు హకీం గారు

నర్సు వచ్చి మార్త పేరు పిలిచింది.

లేవబోయిన భార్య మోచేయి పట్టుకుని సంజీవరావు మళ్లీ కూర్చోబెట్టాడు.

విజయవాడలోని ఆ క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ రోజు ఆమెకు మొదటి కీమో. అది ఎక్కిస్తే మనిషి మిగలదని అతని భయం. కంకిపాడు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాడు. రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిన నాటినుంచి, కీమో లేని వైద్యం కోసం ఫోన్‌లో ఏఐని అడుగుతూనే ఉన్నాడు. అడగడం తనకొచ్చినట్టు ఎవరికీ రాదని గర్వం కూడా.

మన జిల్లాలో ఎవరైనా మందిస్తారా అని నిన్న అడిగితే, పామర్రు హకీం గారి పసరు గురించి జనం రాసుకున్నవన్నీ ఏరి చూపించింది.

"పామర్రు బస్సెక్కేద్దాం. ఆయన మందు వాడి చూశాక కీమో సంగతి," అన్నాడు.

మార్త నేల చూపులు చూస్తూ కూర్చుంది.

పక్క కుర్చీలో బురఖా వేసుకున్న పెద్దావిడ ఇటు తిరిగింది. ఆమెదీ పామర్రేనట. ఊళ్లో ఒకామెను చూపించడానికి తీసుకొచ్చిందట.

"ఆ పసరు మోకాళ్లకీ నడుముకీ రాసుకునేదండీ. దీనికి పనిచెయ్యదు. అమ్మని లోపలికి పంపండి."

"మీరేం చదువుకున్నారు?"

"పెద్దగా లేదండీ."

"ఇది ప్రపంచంలో పుస్తకాలన్నీ చదివింది," అని ఫోన్ చూపించాడు.

"మంచిదే. అదేం చెప్పిందో ఆఖరుదాకా వినిపించండి మరి."

సంజీవరావు చదివాడు. ఆకులు, పథ్యాలు, తగ్గిందని రాసినవాళ్ల మాటలు. ఆఖరి పేరా దగ్గర ఆగిపోయాడు. ఏ జవాబైనా అక్కడే ఆపేసేవాడు.

మార్త ఫోన్ అందుకుని మిగతాది పైకి చదివింది.

"ఈ మందుతో క్యాన్సర్ తగ్గుతుందనడానికి రుజువు లేదు. దీనికోసం చికిత్స ఆపకండి. మీ డాక్టరుతో మాట్లాడండి."

భర్త వైపు చూసింది.

"ఏమండీ, పిల్లలు సగం లెక్క చేసి వదిలేస్తే మార్కులేసేవారా మీరు?"

అతను పెద్దావిడకు వీపు పెట్టి కూర్చున్నాడు.

మార్త లేచింది. ప్రార్థనలో తలుచుకోవడానికి మీ పేరు చెప్పండి అని ఆవిడనడిగింది.

"ఆమినాబీ."

ఎవరి తోడూ లేకుండా మార్త లోపలికి నడిచింది. ఆ నడక చూస్తే సంజీవరావుకు కోపం నిలవలేదు. వెనకే వెళ్లాడు.

కీమోలన్నీ అయ్యాయి. ఆపరేషనూ అయింది. జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. రిపోర్టు బాగుందని డాక్టరు చెప్పిన వారమే ఆమినాబీకి కనిపించి రావాలని ఇద్దరూ పామర్రు వెళ్లారు.

బస్టాండులో, మసీదు వీధిలో అడిగారు. ఆ పేరుగలవాళ్లు తెలియదన్నారు. బట్టల కొట్టు కరిముల్లా మాత్రం కుర్చీలు వేసి కూర్చోబెట్టాడు.

"పోనీ, మీ హకీం గారినైనా చూసొద్దామా?" అని మార్త భర్తను ఆటపట్టించింది.

కరిముల్లా చేతిలోని గుడ్డ తాను పక్కన పెట్టాడు.

"హకీం గారు రంజానుకి ముందే పోయారండీ. అన్ని మతాలవాళ్లూ వెనక నడిచారు. గడ్డ అని వస్తే మందిచ్చేవారు కాదు. నా హస్తవాసి నొప్పులవరకే అని, తనే తోడెళ్లి విజయవాడలో చూపించేవారు. అలా బతికినవాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో."

చెబుతుంటే అతని ఛాతీ పొంగింది.

సంజీవరావు తల దించుకుని, తాము వచ్చింది ఆయన కోసం కాదని, ఆమినాబీ అనే పెద్దావిడ కోసమని చెప్పాడు.

కరిముల్లా లోపలికి తిరిగి తల్లిని అడిగాడు.

"తండ్రి పోయాక ఆ పిలుపు కూతురికొచ్చింది, ఇక ఆవిడ సొంత పేరెవరికి గుర్తుంటుందిరా," అంది పరదా వెనకనుంచి ముసలి గొంతు. "ఆమినాబీ అంటే మన హకీం గారే."