మేస్త్రీ వేళ్లు

"నా షెడ్డులోంచి బయటికెళ్లిన లారీకి బానెట్ ఎత్తమని నిన్నెవడు పిలిచాడు?"

టర్బో మేస్త్రీ నీళ్లవాడి చొక్కా పట్టుకున్నాడు.

నీళ్లవాడంటే వీధి మలుపులో, పెట్రోలు బంకు పక్కన గొట్టం పట్టుకుని లారీలు కడిగే మనిషి. ఎక్కడినుంచి ఊడిపడ్డాడో ఎవరికీ తెలియదు. అడిగితే నవ్వి ఊరుకునేవాడు.

"కడుగుతూ చూశాను మేస్త్రీగారూ. టర్బో ఇరుసు కాస్త ఊగుతున్నట్టుంది. ఒక్కసారి గేజు పెట్టి చూస్తే..."

"గేజా! ముల్లు చూసి చెప్పడానికి మేస్త్రీ దేనికిరా? గడియారం చూడటం వచ్చినవాడు చాలు."

చుట్టూ ఉన్న డ్రైవర్లు తలలు దించుకున్నారు. తన గొంతుకి జడిశారనుకున్నాడు మేస్త్రీ.

కానీ ఆ గేజు మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది.

ఇంజనులోకి గాలి ఊదే ఆ టర్బోని విప్పితే ముందు చూసేది ఇరుసు ఊగుడే. దాని కొసను రెండు వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ, లోపలికీ బయటికీ కదిపితే చాలు, ఎంత అరిగిందో ఆ వేళ్లే చెప్పేవి. వాటి మీదే అతను ఇల్లు కట్టాడు, పిల్లల్ని చదివించాడు. ఇప్పుడవి చెప్పడం మానేశాయి. షుగరు జబ్బు వాటిని తినేసింది. మొన్నామధ్య వేడి సైలెన్సరు మీద చెయ్యి పడితే, చర్మం కాలిన వాసన వచ్చేదాకా తెలియలేదు.

ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. చెబితే షెడ్డు మూతపడుతుంది. షెడ్డు లేకపోతే తనెవరు?

ఒక్కటే ధైర్యం. వేళ్లు మొద్దుబారాక కూడా అతను బిగించిన బండి ఒక్కటీ వెనక్కి రాలేదు. వేళ్లు చచ్చినా విద్య చావలేదని తనకు తనే చెప్పుకునేవాడు.

నీళ్లవాడు మాత్రం కంట్లో నలుసయ్యాడు. షెడ్డు దాటిన ప్రతి బండీ వాడి దగ్గర ఆగేది, వాడు బానెట్ కింద దూరేవాడు. తన పనికి వంకలు పెట్టి, పేరు చెడగొట్టి, రేపో మాపో ఎదురుగానే షెడ్డు వేస్తాడు, ఇంకేముంది?

ఒక ఉదయం మేస్త్రీ బంకు యజమాని దగ్గరికెళ్లాడు.

"వాడు లారీ ట్యాంకుల్లోంచి డీజిలు తోడేస్తున్నాడు."

"నువ్వు చూశావా?"

"నా కళ్లతో చూశాను."

చూడలేదు. అయినా ఆ వీధిలో మేస్త్రీ మాటంటే వేదవాక్కే. సాయంత్రానికి నీళ్లవాడు గొట్టం చుట్టుకుని బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ షెడ్డు ముందు ఆగాడు.

"నా మీద కోపం ఉంటే ఉంచుకోండి మేస్త్రీగారూ. బిగించాక మాత్రం ఇంకొకరిచేత చూపించండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

"పోరా!"

పోయాడు.

తర్వాత వచ్చిన పాత లారీ మేస్త్రీ బావమరిదిది. దూరపు దారుల్లో తిరిగే మనిషి, ఈ వీధికి రావడమే అరుదు.

"బావా, ఎత్తు కనిపిస్తే చాలు, నా బండి నత్తకి తోబుట్టువైపోతోంది. పొగ చూడు, నీలంగా!"

"నీలాగే దానికీ వయసైపోయిందిరా. దిగు, చూస్తాను."

టర్బో విప్పాడు. ఇరుసుకున్న రెక్కల అంచులు అరిగిపోయి ఉన్నాయి. అవి ఒరుసుకున్న చోట గూటినిండా గీతలు. బేరింగులు మార్చాడు, సీళ్లు మార్చాడు, పాత ఇరుసునే తుడిచి మళ్లీ ఎక్కించాడు. కొస పట్టుకుని కదిపాడు.

ఊగిందో లేదో తెలియలేదు.

మళ్లీ కదిపాడు. గేజు బల్ల సొరుగులోనే ఉంది. బావమరిది ఎదురుగా నిలబడి కళ్లార్పకుండా చూస్తున్నాడు. అతని ముందు గేజు తియ్యడానికి మేస్త్రీకి మనసొప్పలేదు.

"ఎలా ఉంది బావా?"

"రాయిలా ఉంది. నేను బిగించిన బండి ఎప్పుడైనా వెనక్కొచ్చిందా?"

"అందుకేగా ఇంత దూరం నీ దగ్గరికొచ్చింది!"

అతను నవ్వుతూ బండెక్కి వెళ్లిపోయాడు.

కొండ దిగే దారిలో ఇరుసు ఊగింది, ఆయిలుని ఆపే సీలు తెగింది. ఇంజను ఆయిలు టర్బోలోంచి గాలితో పాటు ఇంజనులోకే పోయింది. తాళం తిప్పి డీజిలు ఆపినా ఇంజను ఆగలేదు. తన ఆయిలు తనే తాగుతూ పిచ్చెక్కినట్టు పరిగెత్తింది. లారీ లోయలో పడింది.

శవం ఇంటికొచ్చినప్పుడు మేస్త్రీ భార్య తమ్ముడి మీద పడి గుండెలవిసేలా ఏడ్చింది. ఏడుపు మధ్యలో మొగుడి వైపు తిరిగింది.

"సరిగ్గానే చూశారు కదండీ?"

 మేస్త్రీకి ఆ క్షణంలోనే చచ్చిపోతే బావుండుననిపించింది. లేచి గుమ్మం బయటికొచ్చి కూలబడ్డాడు.

ఒక ముసలి డ్రైవరు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీళ్లాయన ఉండుంటే ఇలా అయ్యేది కాదు మేస్త్రీ."

"వాడేం చేసేవాడు?"

"నీ షెడ్డులోంచి వచ్చిన ప్రతి బండినీ ఆపి గేజు పెట్టి చూసేవాడు. తేడా ఉంటే టర్బో విప్పి మళ్లీ బిగించేవాడు. నా బండికీ చేశాడు. నీ పేరు పోకూడదని, నీకు చెప్పొద్దని మా అందరిచేతా ఒట్టేయించుకున్నాడు. ఆయన్ని తరిమేసిన రోజు కూడా మేం నోరు విప్పలేదు. ఈ పాపంలో మాకూ వాటా ఉంది."

 ఇన్నాళ్లూ బండ్లు ఎందుకు వెనక్కి రాలేదో మేస్త్రీకి ఇప్పుడు తెలిసింది.

"నా వేళ్ల సంగతి ఆయనకెలా తెలుసు? నామీద అంత జాలెందుకు?"

నీళ్లాయన వెళ్లిపోయే ముందు తనకొక్కడికే చెప్పిన సంగతి ముసలి డ్రైవరు బయటపెట్టాడు.

"ఆయనా నీలాంటి టర్బో మేస్త్రీయేనయ్యా, వేళ్లకి స్పర్శ పోయిన సంగతి ఎవరికీ చెప్పుకోలేక, తన చేత్తో బిగించిన బండిలోనే కన్నకొడుకుని పోగొట్టుకున్నాడు."