దిష్టి ముద్ద

పెరటి అరుగు మీద కూర్చుని సింహాద్రయ్య ఏం తిన్నా, మొదటి ముద్ద కుక్కకి విసిరేవాడు. దాని పేరు రంగడు. కుక్క చూస్తుండగా తింటే దిష్టి తగిలి కడుపునొప్పి వస్తుందని ఆయన నమ్మకం. ఆవకాయన్నమైనా, ఉల్లిపాయ పకోడీ అయినా, జిలేబీ అయినా ముందు రంగడికే.

సింహాద్రయ్య కడుపు చల్లగా ఉంది. రంగడి పొట్ట మాత్రం ఉబ్బిపోయింది, బొచ్చు ఊడిపోయింది.

"ఇవాళ్టి నుంచి ఆ ముద్ద నేను ముట్టను," అన్నాడు రంగడు, పెరట్లో పిల్లలతో తిరుగుతున్న కోడిపెట్టతో.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు రంగా. అంత ప్రేమగా ఎవరు పెడతారు?" అంది కోడిపెట్ట.

"ప్రేమైతే నా పొట్ట వంక చూసేవాడు. ఆయన చూసుకునేది తన పొట్టనే. రేపు దొంగపిల్లి నీ పిల్లల్ని నోట కరుచుకుపోతే ఈ పొట్టేసుకుని నేను పరిగెత్తగలనా?"

కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది.

అంతలో సింహాద్రయ్య పకోడీల పళ్లెంతో వచ్చి కూర్చుని, ఒకటి విసిరాడు. రంగడు కదల్లేదు.

"తినరా. నీ దిష్టి నాకు తగుల్తుంది," అని కసిరాడాయన.

రంగడు ఆ పకోడీని పంటితో పట్టుకుని, రొప్పుకుంటూ అరుగెక్కి, తిరిగి ఆయన పళ్లెంలోనే వదిలాడు. తర్వాత కిందికి దిగి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"నేను చూడటం లేదు, తినవయ్యా," అన్నాడు. "ఇప్పుడు కడుపునొప్పి వస్తే అది నా దిష్టి కాదు, నీ తిండి."