తప్పు పలకని వయొలిన్లు

సువర్చల టీచరుకి ఆ ఏడో తరగతి ఆర్కెస్ట్రాతో ప్రాణం విసిగిపోయింది. పిల్లలు వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన చెల్లోలు పట్టుకుని కూర్చుంటారు. వేలు ఎక్కడ పడినా వాద్యమే సర్దుకుని సరైన స్వరం పలుకుతుంది. బజారులో ఇప్పుడు దొరికేవన్నీ అలాంటివే. దాంతో పిల్లలు కమాను లాగుతూ కిటికీలోంచి బయటికి చూస్తుంటారు.

"ఆ సర్దుబాటు ఆపేయండర్రా," అంది టీచరు.

"ఆగదు టీచర్. ఇంట్లోవాళ్లు వాళ్ల ఫోన్లో ఒప్పుకుంటేనే ఆగుతుందంట," అన్నారు పిల్లలు.

టీచరు తల పట్టుకుని ఇళ్లకు ఫోన్లు చేసింది. "వార్షికోత్సవం దగ్గర పెట్టుకుని మా పిల్లల చేత అపస్వరాలు వాయిస్తారా?" అని అందరూ కసిరారు. రెహానా వాళ్లమ్మ ఒక్కతే, "సరే మేడం, మా పిల్లని నవ్వులపాలు మాత్రం చెయ్యకండి," అని ఒప్పుకుంది.

సర్దుబాటు ఆగిపోయిన వయొలిన్ మీద రెహానా కమాను లాగితే తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు కీచుమంది. క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ పిల్లకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"వేలు కాస్త జరిపి చూడు. వాళ్లని కాదు, తీగని విను," అంది టీచరు.

రెహానా జరిపింది, మళ్లీ జరిపింది. పీరియడ్ సగం కీచుమంటూనే గడిచింది. ఉన్నట్టుండి స్వరం నిండుగా పలికింది. రెహానా ఉలిక్కిపడి కమాను ఎత్తేసింది.

"టీచర్, ఇది వయొలిన్ పలికిందా, నేను వాయించానా?"

"నువ్వే తల్లీ."

నవ్వులు ఆగిపోయాయి. ఆ సాయంత్రం మిగతా పిల్లలంతా తమ సర్దుబాటూ ఆపించమని ఇళ్లల్లో అమ్మానాన్నల వెంటపడ్డారు. మర్నాడు గది నిండా పిల్లులు కొట్లాడుకుంటున్నంత గోల. హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"ఇవాళే పాఠం మొదలైందండీ," అంది సువర్చల, తలనొప్పి మాత్ర మింగుతూ.