చివరి పేరు

లాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించడానికి సీడీ పెట్టి మా ఆయన రోనాల్డ్ పెద్ద ఇంజనీరులా కూర్చున్నాడు. పెళ్లయి నెల కాలేదేమో, ఆ ఫోజుకి నాకు ముద్దూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"సదవకుండా నొక్కేత్తన్నారేటండీ?"

"నీకేటి తెలుసే! అన్నిటికీ నెక్స్టే."

డిస్కు మొత్తం చెరిపేయాలా అని అడిగితే దానికీ ఎస్ కొట్టాడు మహానుభావుడు. చనిపోయిన వాళ్లమ్మ గొంతు రికార్డు అందులోనే ఉందని అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇంట్లో ఒక్కొక్కరి పేరూ తలచి, చివర ముద్దుల కొడుకు పేరుతో ముగించిన రాత్రి ప్రార్థన అది. ఇంకెక్కడా లేదు.

"శభాష్! కన్నతల్లినే తుడిచేసేరు."

బయట రోడ్డు మీద బెల్లం లారీల చప్పుడు ఆగిపోయింది. ఇన్‌స్టాల్ పూర్తయింది గానీ, సౌండ్ పనిచేయడం లేదని తెర మీద పడింది. అది కూడా చేతకాలేదా అనబోయాను.

లాప్‌టాప్‌లోంచి సన్నటి గొంతు వచ్చింది.

"మా దేవప్రసాద్‌ను కాపాడు తండ్రీ. మా సుజిని కాపాడు."

మామయ్యగారు, ఆడపడుచు. రోనాల్డ్ ఏడుస్తూనే నవ్వాడు.

"మా జాయ్స్‌ను కాపాడు."

నేను ఈ ఇంటికి రాకముందే పోయిందావిడ. నా పేరెలా తెలుసు?

రోనాల్డ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. తన పేరు కోసం ఇద్దరం ఊపిరి బిగబట్టి విన్నాం.

"ఆమెన్," అంది అత్తయ్య.